ఏడాదిన్నర సన్నాహం, అయిదు రోజుల మంచు

"ఓడలో మొత్తం ఎంతమంది ఎక్కుతారండీ?" అని అడిగాను. ఫోన్‌లో అవతలున్న ఏజెంటు కుర్రాడు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు, "చాలా పెద్ద ఓడ మేడమ్. రెండువేల ఎనిమిది వందల మంది. స్విమ్మింగ్ పూల్, థియేటర్, అన్నీ ఉంటాయి" అన్నాడు సంబరంగా.

అతను అంతకుముందు వారం వాట్సాప్‌లో పంపిన కాగితం మీద పెంగ్విన్ల పక్కన ఎర్ర జాకెట్లు తొడుక్కుని నిలబడ్డ మనుషుల ఫొటో ఉంది. ధర కూడా నోరూరించేలా ఉంది, మిగతావాళ్లు చెప్పినదాంట్లో సగం. కానీ ఆ ఓడెక్కితే ఆ ఫొటోలోలా నిలబడటం కుదరదు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అంటార్కిటికాలో ఎవర్నీ ఒడ్డుకి దింపకూడదు. చిన్న ఓడలైనా సరే, ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దించకూడదు. కాబట్టి ఆ పెద్ద ఓడ మంచుకొండల మధ్య తిప్పి, డెక్కు మీంచి చూపించి, వెనక్కి తెచ్చేస్తుంది. అది తప్పని అనను. నడవలేనివాళ్లకి అదే మంచిది కూడా. కాకపోతే ఆ సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. అడిగితే, "దిగకపోతే ఏం మేడమ్, అన్నీ కనిపిస్తాయిగా" అన్నాడు.

అందుకే ఈ ప్రయాణం గురించి నన్నెవరు అడిగినా మొదట చెప్పేది ఇదే. గది ఎంత పెద్దది, బాల్కనీ ఉందా అనేవి తర్వాత. ముందు తలకాయలు లెక్కపెట్టండి.

నేనుండేది కాకినాడలో. బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి వీఆర్ఎస్ తీసుకున్నాను. అంటార్కిటికా పిచ్చి మాత్రం 1982 నాటిది. ఆ జనవరిలో మన దేశం నుంచి మొదటి బృందం, డాక్టర్ ఖాసిమ్ నాయకత్వంలో గోవాలో ఓడెక్కి వెళ్లి, అక్కడ దిగింది. నేను పదో తరగతి. పేపర్లో పడ్డ ఆ వార్తని మా అక్క కత్తెరతో కత్తిరించి నా లెక్కల పుస్తకంలో పెట్టింది, చదువు మీద శ్రద్ధ కలుగుతుందని. లెక్కలు రాలేదు, ఇది మాత్రం తలలో ఉండిపోయింది.

2022 ఆగస్టులో ఒక రోజు పొద్దున్న కాఫీ తాగుతూ మా ఆయనతో అన్నాను, వెళ్దామా అని. ఆయన పేపరు మడవకుండానే, "సముద్రం చూడాలంటే సాయంత్రం బీచికి తీసుకెళ్తాగా. నీళ్ల మీద పదకొండు రోజులు నావల్ల కాదు. నువ్వెళ్లు" అన్నారు. ఆ చివరి మాట ఆయన సరదాకి అన్నారు. నేను సీరియస్‌గా తీసుకున్నాను.

ఒంటరిగా వెళ్దామని చూస్తే తెలిసింది, గదిలో ఒక్కరే ఉంటే ఒకరి ధరకి ఒకటిన్నర రెట్ల పైనే కట్టాలి. లేదంటే ఓడవాళ్లే ఇంకో ఆడమనిషిని జత చేస్తారు. ఇది ఫోన్‌లో అక్కతో చెప్తే, "ముక్కూ మొహం తెలీని మనిషితో ఒకే గదిలోనా? వద్దు. నేనొస్తాను" అంది. ఆవిడ నల్లకుంటలో ఉంటుంది, స్కూలు టీచరుగా రిటైరైంది. అప్పటికి అరవై ఒకటి నడుస్తోంది. మా బావగారు పోయి నాలుగేళ్లు. అంతవరకూ ఎక్కడికి రమ్మన్నా కదల్లేదు. ఇది తప్పించుకోవడానికి వీల్లేని మాట కదా అని వెంటనే డిపాజిట్ కట్టే పనిలో పడ్డాను.

చుట్టాల్లో సగంమంది "మైత్రికి వెళ్తారా?" అని అడిగారు. వెళ్లం. అంటార్కిటికాలో మన పరిశోధన స్థావరాలు మైత్రి, భారతి ఉన్నది ఖండానికి వేరే వైపు. మైత్రికి వెళ్లే మన శాస్త్రవేత్తలు కేప్‌టౌన్ మీదుగా పోతారు. మామూలు యాత్రికులు వెళ్లేది దక్షిణ అమెరికా వైపు చెయ్యి చాపినట్టుండే ద్వీపకల్పానికి. అర్జెంటీనా కొసన ఉషువాయా అనే ఊళ్లో ఓడెక్కాలి. అక్కణ్ణుంచి డ్రేక్ జలసంధి దాటడానికి దాదాపు రెండు రోజులు. ప్రపంచంలో అంత అల్లకల్లోలంగా ఉండే నీళ్లు తక్కువట. అది వద్దనుకునేవాళ్లకి చిలీలోని పుంటా అరేనాస్ నుంచి విమానంలో రెండు గంటల్లో కింగ్ జార్జ్ దీవికి చేర్చి అక్కడ ఓడెక్కించే ఏర్పాటూ ఉంది. డబ్బెక్కువ. పైగా అక్కడ మబ్బు కమ్మితే విమానం రోజులకి రోజులు దిగదు. వాంతులైనా సరే సముద్రమే నయం అనుకున్నాం.

ఏ నెలలో వెళ్లాలన్నది ఇంకో తలనొప్పి. అక్కడ యాత్రల కాలం నవంబరు నుంచి మార్చి దాకా. నవంబర్లో వెళ్తే అడుగు పడని మంచు. జనవరిలో పెంగ్విన్ పిల్లలు, రాత్రనేదే సరిగ్గా ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో తిమింగలాలు బాగా కనిపిస్తాయి, కానీ మంచు కరిగి పెంగ్విన్లున్న చోటల్లా బురద. నాకు పిల్లల్ని చూడాలని ఉంది. మాకు నచ్చిన ఓడలో, 170 మంది పట్టేదాంట్లో, మా ఇద్దరి బడ్జెట్‌కి సరిపడా గది ఖాళీ ఉన్నది 2024 జనవరి 10న బయల్దేరే యాత్రకి. 20న తిరిగి రావడం. డిపాజిట్ కట్టి, రసీదు ఫొటో అక్కకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్.

"ఏమే, తేదీ చూశావా? సంక్రాంతి."

చూళ్లేదు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగి, పండక్కి ఇంటికి తాళం వేసి పోయే మనిషి ఉంటుందా? మా అత్తగారైతే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "అరిసెలు ముందే వండి పెట్టి వెళ్తావా?" అని అడిగారు. పెట్టే వెళ్లాను.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. ఓడకి మనిషికి 7,900 డాలర్లు. అది మూడో అంతస్తులో, ఓడ మధ్యలో, గుండ్రటి కిటికీ ఉన్న చిన్న గది. ఏజెంట్లు పై అంతస్తు బాల్కనీ గదులు అమ్మాలని చూస్తారు. అలల మీద ఓడ ఊగినప్పుడు ఎక్కువ ఊగేది పైనా, కొసల్లోనూ. కిందా, నడిమధ్యా తక్కువ. అంటే చవక గదే ఒంటికి మంచిది. ఇలాంటి లాభం జీవితంలో అరుదుగా దొరుకుతుంది. 20 శాతం ముందు కట్టి, మిగతాది బయల్దేరడానికి 120 రోజుల ముందు కట్టాలి. అది కట్టాక మానుకుంటే పైసా వెనక్కి రాదు. విమానాలు, హోటళ్లు, బీమా, బట్టలు అన్నీ కలుపుకుని మనిషికి పది లక్షలు దాటింది.

మా గడువు 2023 సెప్టెంబరు రెండోవారంలో పడింది. అక్టోబరు 1 నుంచి విదేశీ టూర్ల మీద, 7 లక్షలు దాటిన సొమ్ముకి టీసీఎస్, అంటే డబ్బు కట్టేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, 5 శాతం నుంచి 20కి పెరుగుతోంది. నేను బ్యాంకులో ఉండగా విదేశాలకి డబ్బు పంపే ఏ2 ఫారాలు ఎన్ని వందలు దగ్గరుండి రాయించానో, నా ఫారం రాసేటప్పుడు చెయ్యి వణికింది. టీసీఎస్ మనకి పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కానీ అందాకా చేతిలోంచి వెళ్తుంది కదా. ఆ రేట్లు తర్వాత మళ్లీ మారాయి కాబట్టి, కట్టేముందు ఆ ఏడాది నిబంధన ఏమిటో చూసుకోండి.

అంటార్కిటికాకి వీసా లేదు. 1959 ఒప్పందంతో అక్కడ ఏ దేశం హక్కు సంగతైనా పక్కన పెట్టేశారు. అనుమతులు తెచ్చుకునే బాధ్యత ఓడ కంపెనీది. మనకి కావాల్సింది అర్జెంటీనా వీసా. అదీ ఒకసారి బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చేందుకు పనికొచ్చేది, ఎందుకంటే ఓడెక్కితే దేశం దాటినట్టే. మా వాడు డల్లాస్‌లో ఉంటాడు. 2019లో పురుడు పొయ్యడానికి వాడి దగ్గరికి వెళ్దామని అక్కా, నేనూ తీసుకున్న అమెరికా వీసాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. అవి ఉన్నవాళ్లకి అప్పట్లో అర్జెంటీనా ఆన్‌లైన్లోనే అనుమతి ఇచ్చేది. పురుడు పొయ్యడానికి తీసుకున్న వీసా పెంగ్విన్లకి పనికొచ్చింది.

నేను అస్సలు ఊహించనిది పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా. అర్జెంటీనా, మధ్యలో విమానం ఆగే బ్రెజిల్, రెండూ మన ప్రభుత్వం జాబితాలో ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు టీకా వేయించుకున్నట్టు రాసిచ్చే పసుపుపచ్చ పుస్తకం చూపించకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. పైగా టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పుస్తకం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో వేస్తారు. ఒక సీసా తెరిస్తే కొన్ని గంటల్లోనే వాడేయాలి కాబట్టి నలుగురు పోగయ్యే రోజు చూసుకుని వేస్తారు. అక్క ఇంటికి ఆటోలో పది నిమిషాలు.

చిక్కేమిటంటే అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. అరవై దాటినవాళ్లకి వేసేముందు డాక్టర్లు వెనకాముందాడతారు. ముందు అక్కని ఎప్పుడూ చూసే డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన బీపీ మందులు చూశారు, స్టెరాయిడ్లు వాడారా అని అడిగారు, ఆఖర్న, "గుడ్డు పడుతుందామ్మా మీకు?" అన్నారు. ఆ టీకా కోడిగుడ్లలోనే తయారవుతుంది.

అక్క ఆయన వంక చూసి, "పుట్టిన దగ్గర్నుంచి గుడ్డు ముట్టుకోలేదు డాక్టరుగారూ. పడుతుందో పడదో నాకెలా తెలుస్తుంది?" అంది.

ఆయన పెన్ను కింద పెట్టేశారు. నలభై ఏళ్ల ప్రాక్టీసులో ఆ జవాబు మొదటిసారేమో. చివరికి నేనే గుర్తుచేశాను, కోవిడ్ తర్వాత అక్క రెండేళ్లు ఫ్లూ టీకా వేయించుకుందని. అందులో చాలా రకాలు కూడా గుడ్లలో తయారయ్యేవే. ఫైలు తీయించి, అది ఏ రకమో చూసి, "అయితే ఫర్వాలేదు, వేశాక అరగంట అక్కడే కూర్చోండి" అని రాసిచ్చారు. ఆటోలో తిరిగొస్తూ అక్క చాలాసేపు మాట్లాడలేదు. "అంటే రెండేళ్లుగా గుడ్డు తింటున్నానన్నమాట" అంది, తిలక్‌నగర్ దాటాక.

బీమా గురించి రెండు ముక్కలు. ఓడవాళ్లు అడిగింది అక్కణ్ణుంచి రోగిని తరలించే ఖర్చుకి మనిషికి కనీసం 2 లక్షల డాలర్ల కవరు. ఎందుకంత అంటే, ఓడలో డాక్టరుంటారు గానీ ఆసుపత్రి ఉండదు. ఏదైనా అయితే ఓడ వెనక్కి తిరగాలి, లేదా కింగ్ జార్జ్ దీవిలోని చిలీ వాళ్ల రన్‌వే దాకా చేర్చి విమానం పిలిపించాలి. మన దగ్గర అమ్మే పాలసీల మీద "ప్రపంచమంతా" అని రాసి ఉంటుంది. ఆ ప్రపంచంలో అంటార్కిటికా ఉందా అని అడిగితే ఒక కాల్ సెంటర్ అమ్మాయి ఉందంది, ఇంకో అబ్బాయి లేదన్నాడు. నోటిమాట నమ్మకుండా మెయిల్లో రాయించుకున్నాను. బ్యాంకు బుద్ధి.

ఇక బట్టలు. అందరూ మైనస్ యాభై అనుకుంటారు. అది ఖండం లోపల, చలికాలంలో. మేం వెళ్లే ద్వీపకల్పంలో జనవరిలో సున్నాకి అటూ ఇటూ. గాలి వీస్తే మాత్రం చెవులు తెగిపోతాయి. పై జాకెట్ ఓడవాళ్లే ఇచ్చేస్తారు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు అరువిస్తారు. మనం తెచ్చుకోవాల్సింది ఒంటికి అంటుకునే థర్మల్స్, మీద ఫ్లీసు, నీళ్లు చొరబడని ప్యాంటు, రెండు జతల చేతితొడుగులు. డెకథ్లాన్‌లో ట్రయల్ రూమ్ బయట నిలబడ్డాను. అక్క ఎంతకీ రాదు. నలభై ఏళ్లు చీర తప్ప ఇంకోటి కట్టని మనిషి. తలుపు కొంచెం తెరిచి తల మాత్రం బయటపెట్టి, "దీనిమీద చీర కట్టుకుంటే కుదరదా?" అంది. కుదరదన్నాను, రబ్బరు పడవలోకి దిగేటప్పుడు కుచ్చిళ్లు ఎవరు పట్టుకుంటారని. మొత్తానికి నల్ల ప్యాంటు వేసుకుని బయటికొచ్చి, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని, అద్దం ముందు రెండుసార్లు గుంజీలు తీసింది. "బానే ఉందే" అంది.

గుంజీలు ఊరికే కాదు. ఓడ నుంచి జోడియాక్ అనే రబ్బరు పడవలోకి దిగడానికి నిచ్చెన మెట్లుంటాయి, పడవ పైకీ కిందకీ ఊగుతుంటుంది. ఒడ్డు చేరాక పడవ అంచు మీంచి కాళ్లు తిప్పి నీళ్లలోకే దిగాలి. ఒడ్డున గంటా గంటన్నర. అంతసేపూ కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, సంచి కింద పెట్టకూడదు. అది పక్షుల జ్వరం (బర్డ్ ఫ్లూ) భయంతో వచ్చిన నియమం. మా ఇద్దరికీ మోకాళ్ల నొప్పులున్నాయి. "అంతసేపు నిలబడగలమా?" అన్నదే మా అసలు పరీక్ష. అక్క నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మెట్లు రోజూ మూడుసార్లు ఎక్కి దిగింది. నేను కాకినాడలో మా ఆయన చెయ్యి పట్టుకుని బాత్‌టబ్ లేని ఇంట్లో నీళ్ల తొట్టి గోడ దాటడం సాధన చేశాను. ఇంకో మాట, మగవాళ్లు రాసే యాత్రల్లో కనిపించదు కాబట్టి చెప్తున్నా: ఒడ్డున బాత్‌రూమ్ ఉండదు, పక్కకెళ్లడానికీ వీల్లేదు. అవసరమైతే పడవెక్కి ఓడకి రావాల్సిందే. మూడు పొరల బట్టల్లో ఆ అవసరం రాకూడదంటే, దిగే రోజు పొద్దున్న కాఫీ మానెయ్యాలి. మాకు అన్నిటికన్నా కష్టమైన త్యాగం అదే.

విమానాలు హైదరాబాద్ నుంచి దోహా, అక్కణ్ణుంచి సావోపాలో మీదుగా బ్యూనస్ ఎయిర్స్. అక్కడ అంతర్జాతీయ విమానాలు దిగేది ఎసేసాలో, ఉషువాయా విమానాల్లో ఎక్కువ భాగం ఎగిరేది ఊళ్లో ఉన్న ఇంకో విమానాశ్రయం నుంచి. మధ్యలో కారులో గంట పైనే. మా వాడు ఫోన్‌లో అరిచి చెప్పాడు: "అమ్మా, ఓడ బయల్దేరే రోజుకి కాదు, రెండు రోజుల ముందే ఆ ఊళ్లో ఉండాలి. ఓడ మీకోసం ఆగదు." రెండు రాత్రుల హోటలు ఖర్చు దండగనిపించింది. అయినా విన్నాను. ఇంకో చిట్కా మా అమ్మది. తిరపతి వెళ్లేటప్పుడు నా బట్టలు సగం అక్క సంచిలో, అక్కవి సగం నా సంచిలో సర్దేది. అదే చేశాం.

ఉషువాయాలో దిగితే అక్క పెట్టె రాలేదు. విమానం వాళ్లు రేపొస్తుందన్నారు, ఎల్లుండి అన్నారు, ఇంగ్లీషు వచ్చినమ్మాయి డ్యూటీ దిగిపోయింది. అక్క నా పెట్టెలోంచి తన థర్మల్స్ తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మ లేకపోయినా అమ్మ సర్దే పద్ధతే దిక్కు" అంది. అవసరమైతే ప్యాంట్లు అద్దెకిచ్చే షాపులు శాన్ మార్టిన్ వీధిలో ఉన్నాయని చూసి పెట్టుకున్నాం. మర్నాడు రాత్రి పెట్టె వచ్చింది. అదే మేం ఓడ రోజుకి దిగి ఉంటే, ఆ పెట్టె మేం తిరిగొచ్చేదాకా ఉషువాయాలో ఉండేది. ఆ ఊళ్లో బిల్లులు చూస్తే కళ్లు తిరిగాయి. అంతకు నెల ముందే అర్జెంటీనా ప్రభుత్వం తమ కరెన్సీ పెసో విలువ ఒక్క దెబ్బకి డాలరుకి 366 నుంచి 800కి దించేసింది. ధరల బోర్డులు చేత్తో దిద్ది ఉన్నాయి. మడతల్లేని వంద డాలర్ల నోట్లు పట్టుకెళ్లడం మంచిదైంది.

డ్రేక్ గురించి ఎక్కువ చెప్పను. మొదటి రోజంతా మాత్ర వేసుకుని పడుకున్నాం. మాత్ర నౌక ఊగడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. అక్క అల్లం మురబ్బా చప్పరిస్తూ గోడ పట్టుకుని భోజనానికి వెళ్లింది. నేను వెళ్లలేదు.

రెండో రోజు మధ్యాహ్నం అందర్నీ హాల్లోకి పిలిచారు. ఒడ్డుకి వేసుకెళ్లే ప్రతి వస్తువూ తేవాలి: ప్యాంట్లు, టోపీలు, కెమెరా సంచులు, చేతికర్రలు. జేబులు తిరగేసి, వాక్యూమ్ పెట్టి, కుట్ల మధ్య బ్రష్‌తో దువ్వి, విత్తనాలూ మట్టీ లేవని చూస్తారు. కింగ్ జార్జ్ దీవిలో పోలండ్ వాళ్ల స్థావరం దగ్గర, మనుషులతో వచ్చిన ఒక మామూలు గడ్డి 1980ల్లో మొలిచింది. దాన్ని వదిలించుకోవడానికి ఏళ్ల తరబడి పీకుతున్నారు. మేం ధీమాగా ఉన్నాం. అన్నీ కాకినాడలో రెండుసార్లు ఉతికి, ఎండబెట్టి, దులిపి తెచ్చాం. కందిపొడి డబ్బా కూడా గదిలోంచి కదల్చలేదు.

అక్క సంచి అడుగునుంచి ఒక మంకీ క్యాపు తీసింది. ముదురు గోధుమరంగు ఉన్ని, చెవుల దగ్గర పీచులేచింది. మా బావగారిది. అది తెచ్చినట్టు నాకు కూడా చెప్పలేదు. ఓడ సిబ్బందిలో ఒకమ్మాయి, ఇరవై అయిదేళ్లుంటాయేమో, దాన్ని లోపలివైపుకి తిప్పి దీపం కింద పట్టుకుంది. తర్వాత చిన్న పట్టకారు తీసుకుంది. ఉన్ని పోగుల్లోంచి ఒక గడ్డిముల్లు లాగింది. తెల్ల కాగితం మీద పెట్టింది. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. కొసన సన్నటి మీసమున్న ఎండు గింజలు, అయిదు. బావగారు రోజూ తెల్లారుజామున ఉస్మానియా గ్రౌండ్స్‌లో నడిచేవారు. బెంచీ మీద కాదు, గడ్డిలో కూర్చునేవారు, టోపీ తీసి పక్కన పెట్టుకుని.

"ఇవి నేను ఉంచుకోవచ్చా?" అని అక్క తెలుగులోనే అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది, మెల్లగా. కాగితాన్ని మడిచి, మిగతా చెత్తతో పాటు కాల్చేసే సంచిలో వేసింది. టోపీని ఇంకోసారి వాక్యూమ్ చేసి, రెండు చేతులతో అక్కకి ఇచ్చింది.

జనవరి 14 భోగి. పొద్దున్న మేమున్నది నీకో హార్బర్‌లో. చుట్టుపక్కల దీవులు చాలా ఉన్నా, ఇది ఖండం మీదే. కాఫీ తాగలేదు. మా గుంపు రెండోది, మొదటి సగం మంది తిరిగొచ్చేదాకా రబ్బరు పడవలో మంచు పెళ్లల మధ్య తిప్పారు. ఎదురుగా హిమానీనదం. అది విరిగి పడితే అల ఒడ్డుకి తోసుకొస్తుందని, దిగగానే నీటి అంచున నిలబడకుండా పైకి నడిపించారు. నావికుల పట్టు నేర్పారు: వేళ్లు కాదు, మణికట్టు దగ్గర ఒకరిదొకరు పట్టుకోవాలి. అక్క దిగింది. నేను దిగాను.

ముందు వచ్చింది వాసన. ఎవరూ చెప్పని సంగతి ఇది, ఫొటోల్లో ఉండదు. ఎండుచేపల రేవు, కోళ్లఫారం, రెండూ కలిపితే వచ్చేది. కాకినాడ మనిషిని కాబట్టి సగం అలవాటే. జెంటూ పెంగ్విన్లు గులకరాళ్ల గూళ్ల మీద, కింద బూడిదరంగు పిల్లలు. అయిదు మీటర్ల దూరంలో మేం ఆగాలి. అవి మా వైపు వస్తే మేమే దారివ్వాలి. ఒకటి వచ్చింది. అక్క బూటు దగ్గర ఆగి, కాస్త ఆలోచించి, పక్కనున్న రాయి ముక్కున పట్టుకుని పోయింది.

గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాం. కూర్చోలేదు. మంకీ క్యాపులో అక్క మొహం ఎర్రగా కందింది. "ఈపాటికి ఊళ్లో మంటలు ఆరిపోయుంటాయి" అంది ఒక్కసారి. తిరిగి పడవెక్కేముందు నీళ్లలో బూట్లు రుద్దించారు, ఓడెక్కాక మందు నీళ్లలో మళ్లీ ముంచారు. అయిదు రోజుల్లో ఏడుసార్లు దిగాం. మొదట చెప్పిన ప్రణాళికలో మూడు చోట్లకి మంచు అడ్డమై వెళ్లనే లేదు. అక్కడ కార్యక్రమం రాసేది ఓడవాళ్లు కాదు, గాలి. ఇది తెలిసి వెళ్తే కోపం రాదు.

తిరిగొచ్చేటప్పుడు డ్రేక్ పళ్లెంలో నీళ్లలా ఉంది. మాత్రలన్నీ మిగిలిపోయాయి.

24వ తేదీ తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. ఆరోగ్య శాఖ కౌంటర్ దగ్గర ఒకాయన చెయ్యి చాపి ఆపాడు. ఎక్కణ్ణుంచి అన్నాడు. బ్రెజిల్, అర్జెంటీనా అన్నాను. పచ్చ పుస్తకాలిచ్చాం. అక్కది తెరిచి తేదీ చూసి, వయసు చూసి, మళ్లీ మొహం చూశాడు.

"అర్జెంటీనాలో ఎవరున్నారమ్మా, పిల్లలా?"

"ఎవరూ లేరు బాబూ. అంటార్కిటికా వెళ్లొచ్చాం" అంది అక్క.

అతను పుస్తకం మూసి ఇచ్చేస్తూ, "అయితే పండక్కి ఊళ్లో లేరన్నమాట" అన్నాడు.